పాఠకుల ఆరోగ్య సందేహాలు: ట్రాన్స్ పురుషులకు రొమ్ము క్యాన్సర్ వస్తే

ఆడపిల్లగా పుట్టినా తాను మగవాడినని తెలుసుకుని అలాగే బతుకుతున్నవారు ట్రాన్స్ పురుషులు. వీరిలో చాలామంది మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ వాడతారు. కొందరు ఛాతీ సర్జరీ చేయించుకుంటారు. మరి రొమ్ము క్యాన్సర్ మాటేమిటని అడుగుతూ విశాఖ నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఉత్తరాలు వచ్చాయి. వాటిలో కొన్నిటికి ఈసారి జవాబులిస్తున్నాం. రాసినవారి పేర్లు, ఆనవాళ్లు తీసేశాం.

ప్రశ్న: నాలుగేళ్ల కిందట ఛాతీ సర్జరీ అయింది. ఇప్పుడు కుడివైపు కుట్టు మచ్చ కింద శనగగింజంత గడ్డ చేతికి తగులుతోంది. నొప్పి లేదు. దగ్గర్లో ఒక క్లినిక్‌లో చూపిస్తే "రొమ్ములే తీసేశారు కదా, ఇంకా క్యాన్సర్ ఎక్కడిది" అన్నారు. ఊరుకోవచ్చా? (36 ఏళ్లు, గాజువాక)

జవాబు: ఊరుకోకండి. ఛాతీ చదును చేసే సర్జరీ వేరు, క్యాన్సర్ కోసం రొమ్ము తీసే సర్జరీ వేరు. మొదటిదాంట్లో మగవారి ఛాతీ ఆకారం రావాలి, చర్మం గుంటపడకూడదు. అందుకని చర్మం కింద కొంత కొవ్వు ఉంచుతారు. దానితోపాటు కొంత రొమ్ము కణజాలమూ మిగిలిపోతుంది. ముఖ్యంగా చనుమొన వెనుక, చంక వైపు సాగే తోక భాగంలో. అందులో క్యాన్సర్ రావడం అరుదే, అయినా రాదని చెప్పలేం. నెదర్లాండ్స్‌లో 1229 మంది ట్రాన్స్ పురుషుల రికార్డులు పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో నలుగురికి రొమ్ము క్యాన్సర్ కనిపించింది. ట్రాన్స్ కాని స్త్రీలతో పోలిస్తే ఇది చాలా తక్కువ, ట్రాన్స్ కాని మగవారితో పోలిస్తే ఎక్కువ.

మచ్చ కింద తగిలేవన్నీ క్యాన్సర్ గడ్డలు కావు. కొవ్వు చచ్చి గట్టిపడొచ్చు, లోపలి కుట్టుదారం చుట్టూ కండ పెరగొచ్చు, మచ్చ ఉబ్బి పెరిగే కెలాయిడ్ కావొచ్చు. కానీ ఇలాంటివి ఎక్కువగా ఆపరేషన్ అయిన మొదటి ఏడాదిలోనే బయటపడతాయి. నాలుగేళ్ల తర్వాత కొత్తగా వచ్చిన గడ్డను పరీక్ష చేయకుండా పేరు పెట్టకూడదు.

ముందుగా ఛాతీకీ రెండు చంకలకూ అల్ట్రాసౌండ్ తీయించండి. మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తీయాలంటే పలకల మధ్య నొక్కడానికి కణజాలం ఉండాలి. మీకు అది కుదరకపోవచ్చు, కంగారు పడొద్దు. స్కానింగ్‌లో అనుమానం వస్తే కోర్ బయాప్సీ చేస్తారు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, లావుపాటి సూదితో గడ్డలోంచి సన్నని ముక్కలు తీసే పరీక్ష ఇది. సన్నసూది పరీక్షతో సరిపెడతామంటే ఒప్పుకోవద్దు. దాంట్లో విడి కణాలే వస్తాయి. క్యాన్సర్ అయితే, అది ఆడ హార్మోన్లతో (ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్) పెరిగే రకమా, హెర్2 ప్రొటీన్ ఎక్కువున్న రకమా చెప్పే ఈఆర్, పీఆర్, హెర్2 పరీక్షలు చేయాలి, వాటికి ముక్కే కావాలి. "చిన్నదే కదా, కోసి తీసేసి తర్వాత చూద్దాం" అన్నా ఆగమనండి. ముందు కోసేస్తే గడ్డ అంచులు ఎక్కడిదాకా ఉన్నాయో తెలియదు, చంకలోని గ్రంథుల పరీక్ష కూడా చిక్కుల్లో పడుతుంది.

విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) సర్జరీ ఓపీకి వెళ్లినా, అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లినా పాత సర్జరీ డిశ్చార్జి కాగితం తీసుకెళ్లండి. చనుమొనను కాడతో (కింది కణజాలం నుంచి తెంచకుండా) ఉంచారా, పూర్తిగా కోసి మళ్లీ అతికించారా అన్నది అందులో ఉంటుంది. అతికించిన చనుమొన ఇప్పుడు పాత చోట ఉండదు కాబట్టి, స్కానింగ్ చదివేవారికి ఆ ముక్క తెలియాలి. రెండు వారాలు దాటనివ్వకండి.

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. ఏడేళ్లుగా టెస్టోస్టెరాన్ తీసుకుంటున్నాను. ఛాతీ సర్జరీ కాలేదు, గర్భసంచి, అండాశయాలు ఉన్నాయి. ఎడమవైపు క్యాన్సర్ అని తేలింది, ఈఆర్ పాజిటివ్. టెస్టోస్టెరాన్ వెంటనే ఆపేయాలన్నారు. ఆపితే నేను మళ్లీ పాత మనిషినైపోతానా? అసలు ఆ ఇంజెక్షన్ వల్లే ఇది వచ్చిందా? (ఎంవీపీ కాలనీ)

జవాబు: రెండో ప్రశ్నకు ముందు చెబుతాం. టెస్టోస్టెరాన్ వల్లే క్యాన్సర్ వచ్చిందనడానికి ఆధారం లేదు. మీరేదో చేసి దీన్ని తెచ్చుకున్నారని ఎవరన్నా పట్టించుకోకండి.

ఆపమనడానికి కారణం వేరే ఉంది. మన కొవ్వులో, మరికొన్ని కణజాలాల్లో అరోమటేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది టెస్టోస్టెరాన్‌లో కొంత భాగాన్ని ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. ఈఆర్ పాజిటివ్ క్యాన్సర్‌కు ఈస్ట్రోజెన్ మేత. అందుకే చాలామంది క్యాన్సర్ వైద్యులు చికిత్స జరిగినంతకాలం టెస్టోస్టెరాన్ ఆపమంటారు. అయితే ఈ విషయంలో పెద్ద సంఖ్యలో రోగులపై చేసిన పరిశోధనలు లేవు, ఇది వైద్యుల అంచనాపై నడిచే నిర్ణయం. కాబట్టి క్యాన్సర్ వైద్యుడు, మీ ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల వైద్యుడు), మీరు ముగ్గురూ కూర్చుని మాట్లాడాల్సిన సంగతి. ఒకే వాక్యంలో "ఆపేయండి" అని పంపించేస్తే ఎందుకు, ఎంతకాలం, ఆ తర్వాత ఏమిటి అని అడిగే హక్కు మీకుంది.

మీరు ఏ మందు వాడుతున్నారో, చివరి ఇంజెక్షన్ ఏ తేదీన వేయించుకున్నారో రాసి ఇవ్వండి. రెండు మూడు వారాలకోసారి వేసే 250 మిల్లీగ్రాముల రకం అయితే ఆపిన కొన్ని వారాల్లో ఒంట్లోంచి పోతుంది. 10 నుంచి 12 వారాలకోసారి వేసే 1000 మిల్లీగ్రాముల అన్‌డెకనోయేట్ అయితే ఆపాక కూడా నెలల తరబడి ఉంటుంది. ఈ తేడా తెలియకపోతే హార్మోన్ రక్తపరీక్షలను తప్పుగా చదువుతారు.

ఆపితే ఏమవుతుందో దాచకుండా చెబుతాం. మారిన గొంతు వెనక్కి వెళ్లదు. గడ్డం కీమోలో తలవెంట్రుకలతోపాటు రాలొచ్చు. కీమో అయ్యాక తిరిగి వస్తుంది, టెస్టోస్టెరాన్ లేనంతకాలం కాస్త పలచగా ఉండొచ్చు. కండ తగ్గి కొవ్వు తుంటి వైపు చేరడం మెల్లగా జరుగుతుంది. అందరినీ ఎక్కువ బాధపెట్టేది నెలసరి తిరిగి రావడం. దానికి ఉపాయం చికిత్సలోనే ఉంది. అండాశయాలను నిద్రపుచ్చే ఇంజెక్షన్లు, అంటే 28 రోజులకోసారి పొట్ట చర్మం కింద వేసే గోసెరెలిన్ 3.6 మిల్లీగ్రాములు లేదా నెలకోసారి ల్యూప్రోలైడ్ 3.75 మిల్లీగ్రాములు, ఈస్ట్రోజెన్‌నూ ఆపుతాయి, నెలసరినీ ఆపుతాయి. మొదటి ఇంజెక్షన్ తర్వాత ఒకసారి రక్తస్రావం కనిపించవచ్చు, ముందే తెలిస్తే భయపడరు. టెస్టోస్టెరాన్ ఆపేముందే ఈ ఇంజెక్షన్ మొదలుపెట్టగలరా అని అడగండి. మీకు ఎలాగూ అండాశయాలు తీయించుకోవాలన్న ఆలోచన ఉంటే ఆ మాటా ఇప్పుడే చెప్పండి. అప్పుడు నెలనెలా ఇంజెక్షన్ అవసరమే ఉండదు.

ఇక మాత్రలు. టమాక్సిఫెన్ రోజుకు 20 మిల్లీగ్రాములు, కనీసం 5 ఏళ్లు, కొందరికి 10. లేదా అండాశయాలను ఆపేశాక లెట్రోజోల్ 2.5 మిల్లీగ్రాములు, అనాస్ట్రోజోల్ 1 మిల్లీగ్రాములలో ఒకటి. ఇవి అరోమటేజ్‌నే అడ్డుకుంటాయి. అండాశయాలు పనిచేస్తుండగా ఇవొక్కటే ఇస్తే ప్రయోజనం ఉండదు, పైగా అండాశయాలు ఇంకా రెచ్చిపోతాయి. "మగవాడు" అని కేస్ షీట్‌లో చూసి అండాశయాల మాట మరిచిపోయే ప్రమాదం సరిగ్గా ఇక్కడే. ఏయే అవయవాలు ఉన్నాయో మొదటి పేజీలోనే రాయించండి.

టమాక్సిఫెన్‌కు కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టించే గుణం కొంత ఉంది. టెస్టోస్టెరాన్ రక్తాన్ని చిక్కబరుస్తుంది. అందువల్ల మొదలుపెట్టేముందు హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) చూడాలి. 54 శాతం దాటితే టెస్టోస్టెరాన్ కొనసాగించకూడదు. 50 దాటినప్పటి నుంచే జాగ్రత్త పడాలి. సిగరెట్ మానేయాలి. ఒక కాలే వాచి నొప్పి పెడితే, లేదా ఉన్నట్టుండి ఆయాసం వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. గర్భసంచి ఉంది కాబట్టి టమాక్సిఫెన్ వాడేటప్పుడు మామూలుగా లేని రక్తస్రావం ఏది కనిపించినా గర్భసంచి పొరను చూపించుకోవాలి. డిప్రెషన్‌కు మందులు వాడుతుంటే పేరు చెప్పండి. ఫ్లూయోక్సెటిన్, పారాక్సెటిన్ టమాక్సిఫెన్ పనిని తగ్గిస్తాయి, వెన్లఫాక్సిన్‌తో ఆ బెడద దాదాపు లేదు. ఒంట్లో సెగలు పుడితే అదే మందు వాటినీ తగ్గిస్తుంది.

టెస్టోస్టెరాన్ గర్భనిరోధకం కాదు. గర్భం వచ్చే అవకాశం ఉన్న సంబంధంలో ఉంటే కీమోకు ముందు పరీక్ష చేయించుకోండి, చికిత్స సాగినంతకాలం కండోమ్ లేదా హార్మోన్ లేని కాపర్-టీ వాడండి. పిల్లల ఆశ ఉంటే అండాలు దాచుకోవడం గురించి కీమో మొదటి సైకిల్‌కు ముందే అడగాలి, తర్వాత అడిగి లాభం లేదు.

ఈస్ట్రోజెన్, టెస్టోస్టెరాన్ రెండూ లేని కాలంలో ఎముకలు పలచబడతాయి. మొదట్లో ఒకసారి, తర్వాత వైద్యులు చెప్పిన వ్యవధిలో ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్, ఆహారంతో కలిపి రోజుకు 1000 నుంచి 1200 మిల్లీగ్రాముల కాల్షియం, విటమిన్-డి అవసరం.

టెస్టోస్టెరాన్ మళ్లీ మొదలుపెట్టొచ్చా? కొందరికి చికిత్స ముగిశాక, ప్రమాదం ఎంతో లెక్కవేసుకుని, తక్కువ మోతాదులో, అరోమటేజ్‌ను ఆపే మాత్రతో కలిపి ఇస్తున్న వైద్యులున్నారు. ఇవ్వకూడదనేవారూ ఉన్నారు. ఈస్ట్రోజెన్‌తో సంబంధం లేని ట్రిపుల్ నెగెటివ్ క్యాన్సర్ అయితే లెక్క వేరేగా ఉంటుంది. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాం: ఎవరికీ చెప్పకుండా బయట కొని వేయించుకోవద్దు. డాక్టరు కోప్పడతారని దాచినవారి రక్తపరీక్షలు తప్పుదారి పట్టిస్తాయి, మందు పనిచేయడం లేదనుకుని మార్చేస్తారు. అలాగే టెస్టోస్టెరాన్ పోతుందన్న భయంతో క్యాన్సర్ చికిత్సనే వదిలేసేవారి గురించి మాకు చాలా దిగులు. ఆ భయాన్ని డాక్టరు ముందు పెట్టండి, దారి ఉంటుంది.

ప్రశ్న: మా అబ్బాయికి 29 ఏళ్లు, ట్రాన్స్. రొమ్ము క్యాన్సర్ రెండో దశ అన్నారు. గడ్డ వరకే తీస్తే చాలని డాక్టర్లు అంటుంటే, వాడు రెండు వైపులా తీసేసి ఛాతీ చదునుగా చేయమంటున్నాడు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఇదేం పంతమని వాళ్ల నాన్న. నేనేం చేయను? (ఒక తల్లి, పెందుర్తి)

జవాబు: అమ్మా, మీ అబ్బాయిది పంతం కాదు. గడ్డ వరకే తీసే ఆపరేషన్, మొత్తం రొమ్ము తీసే ఆపరేషన్, రెండూ అంగీకరించిన పద్ధతులే. రొమ్ము నిలుపుకోవాలనుకునేవారికి మొదటిది వరం. మీ అబ్బాయి ఏళ్ల తరబడి వదిలించుకోవాలనుకున్నదాన్ని నిలబెట్టడానికి మూడు వారాలు కరెంటు (రేడియేషన్) పెట్టించుకోవాలనడంలో అర్థం లేదు. గడ్డ వరకే తీస్తే కరెంటు దాదాపు తప్పదు. మొత్తం తీస్తే, గడ్డ చిన్నదై చంక గ్రంథుల్లో ఏమీ లేకపోతే, చాలామందికి అది అక్కర్లేదు. గడ్డ 5 సెంటీమీటర్లు దాటినా, నాలుగు అంతకంటే ఎక్కువ గ్రంథుల్లో క్యాన్సర్ ఉన్నా మొత్తం తీశాక కూడా కరెంటు పెడతారు. ఇప్పుడు ఎక్కువచోట్ల అది మూడు వారాల్లో 15 సార్లు పెట్టే కోర్సు, మొత్తం 40 గ్రే (రేడియేషన్ కొలత).

సర్జన్‌ను అడగాల్సినవి ఇవి. క్యాన్సర్ వైపు మచ్చ అడ్డంగా, ఛాతీ కండరం దిగువ అంచు వెంట వచ్చేలా గీయగలరా? రెండో వైపు అదే రోజు తీస్తారా, చికిత్సంతా అయ్యాక తీస్తారా? చనుమొన సంగతేమిటి? క్యాన్సర్ వైపు చనుమొనను తీసి అతికించడం, గడ్డ దానికి దగ్గరగా ఉంటే చేయరు. తర్వాత టాటూతో వేయించుకోవచ్చు. రెండో వైపు అదే రోజు తీస్తే ఒకే మత్తుతో పని అయిపోతుంది గానీ, ఎటువైపు నీరు చేరినా, చీము పట్టినా కీమో వెనక్కి జరుగుతుంది. షుగర్, పొగతాగే అలవాటు ఉంటే, కీమో త్వరగా మొదలుకావాల్సి ఉంటే రెండో వైపు తర్వాతకు వాయిదా వేయడం మాకు మంచిదనిపిస్తుంది. అది వాయిదాయే, కాదనడం కాదని మీ అబ్బాయికి అర్థమయ్యేలా చెప్పించండి. కృత్రిమ రొమ్ము అమర్చే మాట అలవాటుగా ఎత్తితే అక్కర్లేదని ముందే చెప్పేయండి.

చంకలో సెంటినెల్ గ్రంథి (క్యాన్సర్ పాకితే మొదట చేరే గ్రంథి) పరీక్ష కోసం నీలిరంగు ఎక్కిస్తారు. రెండు రోజులు మూత్రం ఆకుపచ్చగా వస్తుంది, భయపడొద్దు. ఆ చేతికి వాపు రాకుండా ఫిజియోథెరపీ కసరత్తులు నేర్పమనండి.

29 ఏళ్లకే వచ్చింది కాబట్టి, వంశపారంపర్యంగా రొమ్ము క్యాన్సర్ తెచ్చే జన్యుమార్పు ఉందో లేదో చెప్పే బీఆర్‌సీఏ జన్యుపరీక్ష తప్పక అడగండి. పాజిటివ్ వస్తే రెండో వైపు తీయడం కూడా వైద్యపరంగానే సరైన నిర్ణయమవుతుంది, వాళ్ల నాన్నగారితో వాదనే ఉండదు. మీకూ, తోబుట్టువులకూ కూడా ఆ పరీక్ష అవసరమవుతుంది. ఆసుపత్రిలో మీరు "మా అబ్బాయి" అంటే సిస్టర్లూ అలాగే పిలుస్తారు. ఈ నెలల్లో మీవల్ల అయ్యే పెద్ద సాయం అదే.

ప్రశ్న: త్వరలో ఛాతీ సర్జరీ చేయించుకోబోతున్నాను. మా అమ్మకు 42 ఏళ్లకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ముందుగా ఏం చూసుకోవాలి? (26 ఏళ్లు, మధురవాడ)

జవాబు: మంచి సమయంలో అడిగారు. వీలైతే మొదట అమ్మగారికి బీఆర్‌సీఏ పరీక్ష చేయించండి, ఆవిడకు ఏ మార్పు ఉందో తెలిస్తే మీలో దాన్నే వెతకొచ్చు. మీకు ఆ మార్పు ఉంటే మామూలు ఛాతీ సర్జరీ సరిపోదు. కణజాలం వీలైనంత పూర్తిగా తీసే పద్ధతిలో చేయాలి. అందుకు ప్లాస్టిక్ సర్జన్‌తోపాటు క్యాన్సర్ సర్జన్ కూడా ఆపరేషన్‌లో ఉండటం మేలు. రిపోర్టు రావడానికి వారాలు పడుతుంది కాబట్టి తేదీ ఖాయం చేసుకోకముందే రక్తం ఇవ్వండి.

సర్జరీకి ముందు రొమ్ములకూ చంకలకూ స్కానింగ్ చేయించండి. మీ వయసులో కణజాలం దట్టంగా ఉంటుంది, మామోగ్రామ్‌లో సరిగా కనిపించదు. అల్ట్రాసౌండ్, జన్యుమార్పు ఉంటే ఎంఆర్‌ఐ. ముందే చూసుకోవాలని ఎందుకంటున్నామంటే, తీసేశాక క్యాన్సర్ బయటపడితే అది ఏ మూల ఉండేదో, అంచుల్లో మిగిలిందో లేదో తేల్చడం కష్టం. సెంటినెల్ గ్రంథి పరీక్ష కూడా అప్పుడు నమ్మదగ్గది కాదు.

తీసిన కణజాలాన్ని పారేయకూడదు. కొన్ని చిన్న సెంటర్లలో, క్యాన్సర్ ఆపరేషన్ కాదు కదా అని పారేస్తారు. హిస్టోపథాలజీకి (ముక్కను మైక్రోస్కోప్ కింద చూసే పరీక్షకు) పంపుతారా అని ముందే అడిగి, అంగీకార పత్రంలో రాయించుకోండి. కుడి, ఎడమ వేర్వేరు డబ్బాల్లో, పేరు రాసి, పైవైపు ఏదో తెలిసేలా దారం కట్టి పంపాలి. కణజాలం చెడకుండా ఉంచే 10 శాతం ఫార్మలిన్ ద్రవం ముక్కకు పది రెట్లు ఉండాలి. డబ్బాలో కుక్కి పైన కాస్త ఫార్మలిన్ పోస్తే లోపలి భాగం కుళ్లిపోతుంది, తర్వాత ఈఆర్ పరీక్ష కూడా తప్పుగా వస్తుంది. రిపోర్టు చేతికొచ్చాక జాగ్రత్తగా దాచుకోండి.

ప్రశ్న: బైండర్ (ఛాతీ చదునుగా కనిపించేలా వేసుకునే బిగుతు బట్ట) బిగించి కట్టుకుంటే క్యాన్సర్ వస్తుందంటున్నారు. నిజమా? (సీతమ్మధార)

జవాబు: రాదు. బైండర్‌తో వచ్చే బాధలు వేరు: పక్కటెముకల నొప్పి, ఊపిరి పట్టేయడం, మన విశాఖ ఉక్కకు చెమట నిలిచి మడతల్లో తామర. రోజుకు 8 గంటలు మించకుండా, రాత్రి విప్పేసి, రోజూ ఉతికినదే వేసుకోండి. బ్యాండేజీ గుడ్డ, ప్లాస్టర్ చుట్టొద్దు. స్నానం చేసేటప్పుడు నెలకోసారైనా ఛాతీనీ చంకలనూ చేత్తో తడిమి చూసుకోండి. ఛాతీని తాకడమే ఇష్టం లేక గడ్డను ఆలస్యంగా గమనించేవారున్నారు, మా భయం అక్కడే. సర్జరీ చేయించుకోనివారికి 40 దాటాక మామోగ్రామ్ అవసరం స్త్రీలకు ఎంత ఉంటుందో అంతే ఉంటుంది. కరెంటు పెట్టించుకునే రోజుల్లో, ఆ తర్వాత చర్మం మానేదాకా బైండర్ వద్దు. వదులు కాటన్ బనియన్, పైన ముదురు రంగు చొక్కా వేసుకోండి.

ప్రశ్న: ఆధార్‌లో ఒక పేరు, ఆసుపత్రిలో మరో పేరు. ఆరోగ్య పథకం వర్తిస్తుందా? మామోగ్రామ్ గది బయట అందరూ ఆడవాళ్లే, గడ్డంతో ఎలా వెళ్లను? (అనకాపల్లి)

జవాబు: డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవలో రొమ్ము క్యాన్సర్ చికిత్స ఉంది. చిక్కల్లా కాగితాల్లోనే. ఓపీ చీటీ, బయాప్సీ రిపోర్టు, ఆధార్, పథకం కార్డు నాలుగింటిలోనూ పేరు ఒకేలా ఉండాలి. అందుకే ఓపీ చీటీ తీసేరోజే ఆధార్‌లో ఉన్న పేరు రాయించి, పిలవాల్సిన పేరును కేస్ షీట్ మీద విడిగా రాయమనండి. కలెక్టర్ ఇచ్చే ట్రాన్స్‌జెండర్ గుర్తింపు పత్రం ఉంటే తీసుకెళ్లండి. లేదని చికిత్స ఆపకండి, క్యాన్సర్ చికిత్సకు అది తప్పనిసరి కాదు. చికిత్స నడుస్తుండగా మధ్యలో ఆధార్ పేరు మార్చుకుంటే ఆమోదాలు ఆగిపోతాయి. మార్చుకోవాలనుంటే కీమో మొదటి సైకిల్‌కు ముందైనా, అంతా అయ్యాకైనా మార్చుకోండి.

స్కానింగ్‌కు ముందురోజు ఫోన్ చేసి, పొద్దున్న మొదటి స్లాట్ ఇవ్వమని, పేరుతో కాక టోకెన్ నంబరుతో పిలవమని అడగండి. వెంట ఒకరిని తీసుకెళ్లండి. ల్యాబ్ రిపోర్టుల్లో హిమోగ్లోబిన్ పక్కన ఉండే పరిమితులు ఆడ, మగ అని వేరుగా ఉంటాయి. టెస్టోస్టెరాన్ మీద ఉన్నప్పుడు మగవారి పరిమితితో, ఆపి నెలలు గడిచాక ఆడవారి పరిమితితో చూడమని డాక్టరుకు గుర్తు చేయండి. కార్బోప్లాటిన్ అనే కీమో మందు ఇవ్వబోతుంటే ఇది మరీ ముఖ్యం. దాని మోతాదును కిడ్నీ పనితీరు లెక్క నుంచి తీస్తారు, ఆ లెక్కలో ఆడ అని వేస్తే 0.85తో గుణిస్తారు. ఏది వేశారో అడిగి, కేస్ షీట్‌లో రాయించండి.